మార్కులదేముంది అనే కడుపు నిండిన మాట

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు ఏటా రెండు రకాల జనం బయలుదేరతారు. ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టేవాళ్ళు మొదటి రకం. ‘‘మార్కులదేముందండీ, వాటికీ జీవితంలో పైకి రావడానికీ సంబంధమే లేదు’’ అనేవాళ్ళు రెండో రకం. మొదటివాళ్ళను తిట్టిపోయడానికి తెలుగులో కావలసినన్ని వ్యాసాలూ కథలూ సినిమాలూ వచ్చాయి. రావలసిందే. రెండోవాళ్ళ జోలికి మాత్రం ఎవరూ పోరు. వాళ్ళది మంచి మనసు, పిల్లల్ని ఓదారుస్తున్నారు, పోనిద్దూ అనుకుంటాం. ఆ మంచి మనసు చెప్పేది అబద్ధమనీ, ఆ అబద్ధానికి మూల్యం కట్టేది మాత్రం చెప్పినవాళ్ళ పిల్లలు కాదనీ నా అభియోగం.

వాళ్ళ వాదన ఎక్కడ విన్నా ఒకే జాబితా. ఐన్‌స్టీన్ లెక్కల్లో తప్పాడు. రామానుజన్ పరీక్ష తప్పాడు. బిల్ గేట్స్ చదువు మానేశాడు. మన సత్య నాదెళ్ళకు ఐఐటీలో సీటు రాలేదు. చివర్లో ముక్తాయింపుగా, ఫస్ట్ బెంచీ వాడు ఇంజనీరవుతాడు, లాస్ట్ బెంచీ వాడు మంత్రై వాడి మీద పెత్తనం చేస్తాడు అనే జోకు. హాలంతా చప్పట్లు. చెప్పేవాడికి వినేవాడు లోకువ మరి.

ఐన్‌స్టీన్ లెక్కల్లో తప్పలేదు. 1895లో, నిండా పదిహేడేళ్ళు లేని వయసులో, జూరిచ్ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాశాడు. అక్కడ చేరడానికి ఉండవలసిన వయసుకు రెండేళ్ళు తక్కువ. లెక్కల్లో, భౌతికశాస్త్రంలో బాగా రాశాడు, మిగతా సబ్జెక్టుల్లో గట్టెక్కలేకపోయాడు. మరుసటి ఏడాది ఆరౌ పాఠశాల నుంచి బయటికొచ్చేటప్పుడు అతని సర్టిఫికెట్‌లో బీజగణితానికి ఆరుకు ఆరు, రేఖాగణితానికి ఆరుకు ఆరు. గేట్స్ హార్వర్డ్ మానేశాడంటే ముందు హార్వర్డ్‌లో సీటు తెచ్చుకున్నాడన్న మాట. అమెరికాలో కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్షలో అతనికి 1600కు 1590 వచ్చాయి. ఇక నాదెళ్ళ. ఐఐటీ ప్రవేశ పరీక్షలో చతికిలపడ్డానని తన పుస్తకంలో తనే రాసుకున్నాడు, నిజమే. ఆ అబ్బాయి చదివింది బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో. తండ్రి యుగంధర్ గారు పేరున్న ఐఏఎస్ అధికారి. ఐఐటీ పోతే మణిపాల్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఆ కథను పలనాడులో కౌలురైతు కొడుక్కి ధైర్యవచనంగా చెప్పేవాళ్ళు, ఆ కుర్రాడికి మణిపాల్ ఎక్కడుందో కూడా చెప్పాలి.

అన్నిటికంటే నాకు కష్టం కలిగించేది రామానుజన్ పేరు వాడుకోవడం. ఆయన జీవితం తెలిసినవాళ్ళెవరూ దాన్ని ఓదార్పు కథగా చెప్పలేరు. కుంభకోణంలో బడిలో ఉన్నంతకాలం ఆయన మొదటి వరస విద్యార్థి. 1897లో ప్రాథమిక పరీక్షలో జిల్లాకే మొదటివాడు. 1904లో టౌన్ హైస్కూలు వదిలేటప్పుడు లెక్కల్లో బహుమతి, కాలేజీకి స్కాలర్‌షిప్పు. హైస్కూలు మార్కులు ఆయన భవిష్యత్తును ఎంత కచ్చితంగా చెప్పాయో చూడండి. తర్వాత కాలేజీలో లెక్కలు తప్ప ఇంకేమీ పట్టించుకోకపోవడంతో స్కాలర్‌షిప్పు పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం పారిపోయాడు. మద్రాసు పచ్చయప్ప కాలేజీలో మళ్ళీ చేరి ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) పరీక్ష రాశాడు, తప్పాడు. మరోసారి రాసి మళ్ళీ తప్పాడు.

తప్పినందుకు ఆయనకేమీ పోలేదా? డిగ్రీ లేని కుర్రాడు కాబట్టి నోటు పుస్తకాలు చంకన పెట్టుకుని ఏళ్ళ తరబడి గుమ్మం గుమ్మం తిరిగాడు. ఒకరి ఇంట్లో తిండి, ఇంకొకరి ఇంట్లో పడక. 1910 చివర్లో నెల్లూరు కలెక్టరు రామచంద్రరావును కలిశాడు. లెక్కలు తెలిసిన కలెక్టరు దొరకడం ఆయన అదృష్టం. ఆ కలెక్టరే నెలకు పాతిక రూపాయలు ఇస్తూ పోషించాడు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు ముప్ఫై రూపాయల గుమాస్తా పని దొరికింది. మరుసటి ఏడాది కేంబ్రిడ్జ్‌లోని గణిత శాస్త్రవేత్త హార్డీకి ఉత్తరం రాస్తే గానీ దారి తెరుచుకోలేదు. ముప్ఫై రెండేళ్ళకే పోయిన మనిషి జీవితంలో ఐదారేళ్ళు ఆ తప్పిన పరీక్ష తినేసింది. అంతటి మేధావినే పరీక్ష తప్పడం అంత దెబ్బ తీస్తే, సగటు తెలివితేటలున్న పిల్లవాడిని ఏం చేస్తుందో ఆలోచించాల్సింది పోయి, చూశారా, రామానుజన్ కూడా ఫెయిలయ్యాడు అంటున్నాం. ప్రతి జిల్లాకూ లెక్కలు తెలిసిన కలెక్టర్ని వేస్తామని ఎవరైనా హామీ ఇచ్చారా?

లాస్ట్ బెంచీ జోకు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మంత్రి అయిన లాస్ట్ బెంచీ కుర్రాడికి మైకు ఇస్తారు. అదే బెంచీలో అతని పక్కన కూర్చున్న మిగతావాళ్ళకు మైకు ఇవ్వరు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ఉత్తీర్ణత 81.14 శాతం, తెలంగాణలో 92.78 శాతం. రెండు రాష్ట్రాల్లో కలిపి తప్పినవాళ్ళు దాదాపు లక్షన్నర. వీళ్ళలో ఎంతమంది మంత్రులవుతారో మంత్రివర్గంలో ఉండే కుర్చీలు లెక్కపెట్టుకుంటే తెలిసిపోతుంది. మిగతావాళ్ళు ఏమవుతారన్నదే అసలు ప్రశ్న. దాన్ని వేదికల మీద ఎవరూ అడగరు.

వాళ్ళు ఏమవుతారో పల్లెల్లో బడి పంతుళ్ళందరికీ తెలుసు. మగపిల్లలైతే సెంట్రింగు, టైల్స్, డెలివరీ బండి, హైదరాబాదులోనో బెంగళూరులోనో వాచ్‌మన్ డ్యూటీ. ఆ పనుల్లో నామోషీ ఏమీ లేదు. వద్దనుకున్నప్పుడు ఇంకో పని ఎంచుకునే వీల్లేకపోవడమే వాటిలోని కష్టం. ఆడపిల్ల సంగతి అంతకంటే ఘోరం. ‘‘చదువు అబ్బలేదు’’ అన్న మాట ఇంట్లో ఖాయమైతే తర్వాతి మాట సంబంధాలే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం పైన, తెలంగాణలో 23 శాతం పైన. పన్నెండో తరగతి దాకా చదివించిన ఇళ్ళలో ఇది బాగా తగ్గుతుంది. మెమోలో పాస్ అన్న ఒక్క మాట ఆ పిల్లకు రెండు మూడేళ్ళ గడువు తెస్తుంది. ఆ గడువులో ఇంటరో నర్సింగో అయితే ఆమె బతుకే వేరు. మార్కులదేముంది అని ఆ పిల్లతో అనండి చూద్దాం.

అసలు మన వ్యవస్థలో పదో తరగతి మార్కు జోస్యం మాత్రమే కాదు, తాళంచెవి కూడా. తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగాలకు రాత పరీక్ష ఉండదు, పదో తరగతి మార్కుల శాతాన్ని దశాంశ స్థానాలతో సహా లెక్కగట్టి జాబితా వేస్తారు. ఊళ్ళో పోస్టాఫీసు నడిపే మనిషిని పదహారేళ్ళప్పుడు రాసిన సాంఘికశాస్త్రం పేపరు ఎంపిక చేస్తోంది. సైన్యంలో అగ్నివీర్ జనరల్ డ్యూటీకి పదో తరగతిలో మొత్తం 45 శాతం, ఒక్కో సబ్జెక్టులో 33 శాతం ఉండాలి. ఎంత వేగంగా పరిగెత్తినా ఆ తర్వాతే. ఇంజనీరింగ్ కాలేజీలకు వచ్చే కంపెనీల్లో చాలావాటికి టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం అన్న షరతు ఉండేది, ఇప్పటికీ కొన్నింటికి ఉంది. పదహారేళ్ళప్పుడు 57 శాతం తెచ్చుకున్న కుర్రాడు ఇరవై రెండేళ్ళప్పుడు ఎంత బాగా ప్రోగ్రాం రాసినా పరీక్ష హాలు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. ఇది న్యాయమని నేననడం లేదు. పరమ అన్యాయం. కానీ అన్యాయం కాబట్టి లేదని పిల్లలకు చెబితే వాళ్ళు తలుపు దాకా వెళ్ళి తల బాదుకుంటారు.

ఈ తాళంచెవి పేదవాడి చేతికి అందిన సందర్భాలూ ఉన్నాయి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టినప్పటి నుంచి, చదువులో ముందున్న పల్లెటూరి పిల్లల్ని ఏరి తెచ్చి చదివించడం అనే ఆలోచన మన దగ్గర ఎన్ని కుటుంబాల రాత మార్చిందో ఆ కుటుంబాలను అడగాలి. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు ప్రవేశానికి పెట్టిన కొలబద్ద పదో తరగతి మార్కులే. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు అదనంగా కొంత కలిపారు కూడా. కోచింగ్ లేదు, ఎంసెట్ లేదు. మండలంలో, బడిలో అందరికంటే బాగా చదివిన పిల్ల, నాన్న ఆటో తోలినా అమ్మ కూలికి పోయినా, మెమో పట్టుకుని వెళ్ళి ఆరేళ్ళ చదువులో చేరింది. ఆ కేంద్రాల్లో వసతుల గురించి, తిండి గురించి ఎన్ని ఫిర్యాదులున్నా ఆ ప్రవేశ విధానాన్ని నేను ఎప్పుడూ సమర్థిస్తాను. మార్కులు పనికిమాలినవని నమ్మే ప్రభుత్వం వచ్చి, రేపు వాటి బదులు ఇంటర్వ్యూ పెట్టిందనుకోండి. ఆ గదిలో ఎవరి పిల్లలు గెలుస్తారు? ఇంగ్లీషులో కాలు మీద కాలు వేసుకుని మాట్లాడగలిగినవాళ్ళే గెలుస్తారు. సిఫారసు ఉత్తరాలకు, తెలిసినవాళ్ళ ఫోన్లకు, మాట తీరుకు లొంగనిది ఇక్కడ ఏదైనా ఉంటే అది పేరు కనిపించకుండా దిద్దిన జవాబుపత్రమే.

తాళంచెవి సంగతి సరే, మార్కుల్లో స్వతహాగా ఏమైనా సరుకుందా అని అడగవచ్చు. ఉంది. అమెరికాలో మయామి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఒక లెక్క తేల్చారు. హైస్కూలు గ్రేడు సగటు ఒక పాయింటు పెరిగితే పెద్దయ్యాక ఏడాది సంపాదన మగవాళ్ళలో దాదాపు 12 శాతం, ఆడవాళ్ళలో దాదాపు 14 శాతం పెరుగుతోంది. షికాగో ప్రభుత్వ పాఠశాలల విద్యార్థుల మీద 2020లో వచ్చిన అధ్యయనం ఇంకా ఆసక్తికరం. కాలేజీ డిగ్రీ ఎవరు పూర్తి చేస్తారో చెప్పడంలో, ఒక్క పూట రాసే ఏసీటీ అనే ప్రవేశ పరీక్ష కంటే, నాలుగేళ్ళ హైస్కూలు గ్రేడ్లు ఎన్నో రెట్లు బలమైన సూచన అని తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. బడి గ్రేడులో తెలివి ఒక్కటే ఉండదు. రోజూ బడికి రావడం, ఇష్టం లేని సబ్జెక్టు ముందు కూడా కూర్చోవడం, చెప్పిన గడువుకు పని ఇవ్వడం, తప్పు దిద్దుకుని మళ్ళీ రాయడం అన్నీ అందులో కలిసి ఉంటాయి. డక్‌వర్త్, సెలిగ్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2005లో ఎనిమిదో తరగతి పిల్లల్ని పరిశీలించి, మార్కుల విషయంలో ఐక్యూ కంటే స్వీయ క్రమశిక్షణే ఎక్కువ చెబుతోందని చూపారు. ఉద్యోగంలో, వ్యాపారంలో, సంసారంలో కావలసింది కూడా చాలావరకు ఆ గుణాలే కదా.

అవతలి పక్షం వాళ్ళు ఇక్కడ కేరెన్ ఆర్నాల్డ్ అనే పరిశోధకురాలి అధ్యయనాన్ని ముందుకు తెస్తారు. 1981లో ఇలినాయ్ రాష్ట్రంలో హైస్కూలు టాపర్లుగా నిలిచిన 81 మందిని ఆమె ఏళ్ళ తరబడి వెంబడించి చూసింది. వాళ్ళు ప్రపంచాన్ని మార్చే ద్రష్టలు కాలేదు అన్న ముక్క పట్టుకుని అదిగో చూశారా అంటారు. ఆ టాపర్లు కాలేజీలోనూ బాగా చదివారు, మంచి వృత్తుల్లో స్థిరపడ్డారు, అన్న సంగతి మాత్రం నోట్లోనే దాచుకుంటారు. ఏ ఊళ్ళో నుంచైనా 81 మందిని తీయండి, ప్రపంచాన్ని మార్చినవాళ్ళు అందులో ఎందరుంటారు? సత్తెనపల్లిలోనో సిద్దిపేటలోనో ఉన్న తల్లి తన కొడుకు ప్రపంచాన్ని మార్చాలని మొక్కుకోవడం లేదు. నెల మొదటి తారీఖున జీతం పడాలని మొక్కుకుంటోంది. ఆ మొక్కు తీరుతుందా లేదా అన్నదానికి మార్కులు బాగానే సమాధానం చెబుతున్నాయి.

ఇంతకంటే బలమైన వాదన ఒకటుంది. వేదికల మీద వినపడదు గానీ జవాబు చెప్పి తీరాల్సింది దానికే. మార్కులు చెప్పేది పిల్లవాడి భవిష్యత్తు కాదు, వాడి తండ్రి సంపాదన. ఉన్నింటి పిల్లలకే మంచి బడి, మంచి మార్కులు, ఆ తర్వాత మంచి ఉద్యోగం. మార్కు మధ్యలో ఊరికే సాక్షి అంటుంది ఆ వాదన. ఇందులో చాలా నిజముంది. ఆర్థికవేత్త రాజ్ చెట్టీ బృందం అమెరికా పేటెంటుదారుల చిన్ననాటి వివరాలు తవ్వి తీస్తే తేలింది వింటే మనసు చివుక్కుమంటుంది. మూడో తరగతి లెక్కల్లో అందరికంటే ముందున్న పేద పిల్లలు పెద్దయ్యాక కొత్తవి కనిపెట్టే అవకాశం, లెక్కల్లో సగటు కంటే వెనకున్న ధనిక పిల్లలకున్న అవకాశాన్ని మించడం లేదు.

అంటే పేదవాడికి మార్కులు చాలవు. ఒప్పుకుంటాను. చాలవు కాబట్టి అక్కర్లేదు అనడం మాత్రం అన్యాయం. ఉన్నింటి కుర్రాడికి మార్కులు తగ్గితే మేనేజ్‌మెంట్ సీటుంది, డొనేషనుంది, మామయ్య కంపెనీ ఉంది, పొలం ఉంది. మార్కులు వాడికి పెళ్ళిలో పన్నీరు చిలకరింపు లాంటివి, ఉంటే శోభ, లేకపోయినా తాళి ఆగదు. లేనింటి పిల్లకు మెమో తప్ప చూపించుకోవడానికి మరో కాగితం లేదు. మార్కులదేముంది అన్న మాట ఒకరికి నిజం, మరొకరికి ప్రాణాంతకం. అందుకే దాన్ని కడుపు నిండిన మాట అంటున్నాను. చెప్పేవాళ్ళలో ఎంతమంది తమ పిల్లల ట్యూషన్ మాన్పించారో కనుక్కుంటే ఆ సంగతీ తేలుతుంది.

ఇదంతా చదివి, అయితే ర్యాంకుల కోళ్ళఫారాలు నడిపేవాళ్ళదే రైటన్న మాట అనుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళదీ తప్పే. 600కు 594 వచ్చిన పిల్లకూ 571 వచ్చిన పిల్లకూ రేపటి జీవితంలో తేడా ఉంటుందని నేను నమ్మను. అక్కడ తేడా దస్తూరీది, ఆ పూట జ్వరానిది, దిద్దినాయన ఓపికది. మార్కు ఏమైనా చెబితే కింద, మధ్యలో చెబుతుంది: తప్పినవాళ్ళకూ పాసైనవాళ్ళకూ మధ్య, 250కీ 450కీ మధ్య. సంస్థలు డబ్బంతా గుంజేది మాత్రం పై కొసన ఉన్న ఆ పది ఇరవై మార్కుల కోసం. పైగా తెల్లవారుజామున ఐదింటికి లేపి రాత్రి పది దాకా వార్డెను మెడ మీద కూర్చుంటే వచ్చిన మార్కులో పిల్లవాడి సొంత క్రమశిక్షణ ఎంత? ఆ వార్డెను లేని ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో ఆ సంగతి బ్యాక్‌లాగుల రూపంలో బయటపడుతుందని అక్కడి లెక్చరర్లు చెబుతూనే ఉంటారు. ఇక్కడ ఇంకో దగా కూడా ఉంది. గ్రామీణ భారతంలో 14 నుంచి 18 ఏళ్ళ పిల్లల్ని 2023లో అసర్ అనే చదువుల సర్వే పలకరిస్తే, నలుగురిలో ఒకరు సొంత భాషలో రెండో తరగతి వాచకం తడుముకోకుండా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్ళు సగానికి తక్కువ. ఉత్తీర్ణత శాతాలు తొంభై దాటించి సంబరపడే ప్రభుత్వాలు మార్కుకున్న ఆ కాస్త విలువనూ కరిగిస్తున్నాయి. మార్కు అబద్ధమాడితే నష్టపోయేది మళ్ళీ దాన్నే నమ్ముకున్న పిల్లే.

ఇక ఓదార్చేవాళ్ళు చివరికి చేరుకునే చోటు నాకు తెలుసు. పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారయ్యా, ఆ రోజున అబద్ధమైనా చెప్పి బతికించుకోవద్దా? 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత ఇరవై మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాం. ఆ ఏడాది మెమోలో సున్నా పడిన ఒకమ్మాయికి మళ్ళీ చూస్తే 99 మార్కులు తేలాయి. ఆ పిల్లలకు కావలసింది ఐన్‌స్టీన్ కథా, ఎవరైనా జవాబుపత్రం మళ్ళీ తెరిచి చూడడమా? పరీక్ష తప్పిన పదహారేళ్ళ పిల్ల ముందు నిలబడి ఇది లెక్కలోకి రాదు అంటే ఆమె నమ్మదు, ఎందుకంటే నిన్నటి దాకా ఇల్లూ బడీ అంతా ఇదే లెక్క అన్నాయి. నిజం ఆమెను ఇంతకంటే బాగా కాపాడుతుంది: ఇది ముఖ్యమే, అయినా ఇది ఒక్కసారి రాసేది కాదు. నెల రోజుల్లో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. రీవెరిఫికేషన్ ఉంది. అదీ కాకపోతే ఓపెన్ స్కూల్ ఉంది.

కాబట్టి ఫలితాల రోజున మైకు పట్టుకునే పెద్దలకు, సందేశాలు పెట్టే తారలకు ఒక విన్నపం. బిల్ గేట్స్‌ను వదిలేయండి. మీ వీధిలో తప్పిన పిల్ల ఎవరో కనుక్కోండి. సప్లిమెంటరీ ఫీజు ఆఖరి తేదీ ఆ ఇంట్లో చెప్పండి, చేతనైతే ఫీజు కట్టండి, ఆ నెల రోజులూ లెక్కలు చెప్పే మనిషిని కుదర్చండి. సంబంధం చూస్తున్నారని తెలిస్తే వెళ్ళి ఆ తండ్రితో మాట్లాడండి. ఇవేవీ మీవల్ల కాకపోతే, కనీసం మార్కులదేముంది అని ఆ పిల్లతో మాత్రం అనకండి.